రొయ్యల చెరువు యాప్‌కి పేటెంటు వస్తుందా?

నెల్లూరు జిల్లా కోవూరు, కావలి వైపు చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు నడిపే యాప్ రాసేవాళ్లు ముందు చదవాల్సింది పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె). కంప్యూటర్ ప్రోగ్రాము దానంతటదిగా, అల్గారిదమ్, వ్యాపార పద్ధతి ఆవిష్కరణ కావంటుందది.

తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి పడితే మోటారు వేయడం అని మాత్రమే రాస్తే దరఖాస్తు నిలవదు, అందులో కొత్తేముంది? సెన్సారుకి పాచి పట్టి తప్పుడు రీడింగ్ వస్తుంటే పసిగట్టి సరిదిద్దే పద్ధతైతే వాదించొచ్చు. సాంకేతిక ఫలితం ఉందా అని చూడాలని 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

2004 డిసెంబరు ఆర్డినెన్సు సాఫ్ట్‌వేర్ పేటెంట్లకి తలుపు ఇంకాస్త తెరవబోతే, 2005లో పార్లమెంటు మూసేసింది. మంచిపనే చేసింది. పెద్ద కంపెనీలు తమ పేటెంట్లు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటాయి; ముగ్గురున్న ఆఫీసు మీద పేటెంటు కేసు పడితే లాయరు ఫీజుకే కూలిపోతుంది.

దరఖాస్తు వేసేవాళ్లకి: మన జిల్లాలకు చెన్నై పేటెంట్ ఆఫీసు. వ్యక్తులకి, స్టార్టప్‌లకి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు. ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేశాక 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే ఆవిష్కరణ పూర్తి వివరణ, ఇవ్వకపోతే దరఖాస్తు పోయినట్టే. దరఖాస్తు వేయకముందు రైతుల మీటింగులో గుట్టు విప్పొద్దు, కొత్తదనం అక్కడే పోతుంది. కోడ్‌కైతే కాపీరైటు రాసిన క్షణం నుంచే ఉంటుంది.