తాత మంద, మనవరాలి తోడేలు

స్విట్జర్లాండ్‌లో పిల్లల్ని పెంచుతున్న తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు మాటలు సాధారణంగా భాష దగ్గర మొదలై పండుగల మీదుగా తిండి దగ్గరకు చేరుతాయి. మా ఇంట్లో మాత్రం కొన్నేళ్ళుగా వీటన్నిటికంటే ఎక్కువగా నలుగుతున్న విషయం తోడేలు. మా అమ్మాయికీ, పాలమూరు పల్లెలో ఉండే మా బాపుకూ మధ్య జరిగే ఫోను సంభాషణల్లో సగం దాని గురించే. మా బాపు గొర్రెల కాపరి. చిన్నప్పటి నుంచి మోకాళ్ళు సహకరించినంత కాలం మందతోనే తిరిగిన మనిషి.

ఈ దేశంలో అంతరించిపోయిన జంతువులను తిరిగి తెచ్చుకున్న చరిత్రను పిల్లలకు చిన్న తరగతుల్లోనే గర్వంగా చెబుతారు. వేటాడి వేటాడి 19వ శతాబ్దంలో ఐబెక్స్ అనే కొండమేకను స్విస్ కొండల్లో పూర్తిగా లేకుండా చేశారు. ఆల్ప్స్ మొత్తంలో ఇటలీ రాజుగారి వేట అడవి గ్రాన్ పారడీసోలో మాత్రమే కొన్ని మిగిలాయి. ఇటలీ వాటిని ఇవ్వడానికి ఒప్పుకోకపోవడంతో 1906లో ఐబెక్స్ పిల్లలను దొంగచాటుగా సరిహద్దు దాటించి, సెయింట్ గాలెన్‌లోని జంతువనంలో పెంచి, 1911లో కొండల్లోకి వదిలారు. ఈనాడు స్విట్జర్లాండ్‌లో ఉన్న వేలాది ఐబెక్స్‌లకు మూలం ఆ ప్రయత్నమే. 1971లో కార్పేతియన్ కొండల నుంచి లింక్స్ అనే అడవిపిల్లిని తెచ్చారు. ఎముకలు తిని బతికే గడ్డపు రాబందు పిల్లలను 1991 నుంచి ఎంగడీన్ లోయలోని జాతీయ వనంలో వదిలారు.

ఇక్కడ అంతరించిపోయిన తోడేలును మాత్రం ఎవరూ తీసుకురాలేదు. 1970లలో ఇటలీ చట్టరక్షణ కల్పించిన తర్వాత, అక్కడి ఎపెన్నైన్ కొండల్లో మిగిలిన కొద్దిపాటి తోడేళ్ళు సంఖ్య పెంచుకుని ఉత్తరానికి నడుస్తూ 1995లో స్విస్ నేల మీద అడుగు పెట్టాయి. 2012లో గ్రాబుండెన్ ప్రాంతంలోని కలాండా కొండ మీద ఒక జంట పిల్లలను కని, ఈ కాలపు తొలి స్విస్ గుంపుగా స్థిరపడింది. ఇప్పుడు దేశంలో ముప్ఫైకి పైగా గుంపులున్నాయి. మనుషులు పట్టుబట్టి తెచ్చుకున్న జంతువును కాపాడుకోవడం ఒక ఎత్తు, అడగకుండా వచ్చిన జంతువుకు చోటివ్వడం మరొక ఎత్తు. ఈ దేశపు సంరక్షణ పట్టుదలకు అసలు పరీక్ష ఈ రెండవదేనని నా నమ్మకం.

బడిలో ఒక టీచరు ఈ విషయం మీద చర్చ పెట్టి, పిల్లలకు పాత్రలు పంచారు. అడవి అధికారి పాత్ర వచ్చిన పిల్లవాడికి చెప్పడానికి చాలా ఉంది. స్విస్ అడవుల్లో దాదాపు సగం కొండచరియలు, మంచుపలకలు ఊళ్ళ మీద పడకుండా అడ్డుకునే రక్షణ అడవులు. జింకలు లేత మొక్కల చిగుళ్ళు కొరికేస్తుంటే ఆ అడవి కొత్త చెట్లతో తనను తాను నింపుకోలేదు, తోడేలు ఉన్నచోట జింకలు ఒకే చోట నిలిచి మేయవు. మా అమ్మాయికి గొర్రెల కాపరి పాత్ర వచ్చింది. తోడేలు బొమ్మలు గోడకు అంటించుకునే పిల్ల కనుక ముఖం ముడుచుకుని ఇంటికి వచ్చింది. తాతను అడగమన్నాను.

స్విట్జర్లాండ్‌లో తోడేళ్ళు లేని ఆ నూరేళ్ళకు పైబడిన కాలంలో చాలాచోట్ల గొర్రెలను వేసవి మొదట్లో కొండ మీదికి తోలి, కాపరి లేకుండానే వదిలేసి, యజమాని వారానికి ఒకసారి వెళ్ళి చూసుకునే అలవాటు ఏర్పడిందని మనవరాలు చెప్పగానే మా బాపు నమ్మలేదు. "మందను ఇడిసిపెట్టి ఇంటికి పోతరా? గట్ల ఎట్ల పోతరు బిడ్డా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత ఆయన చెప్పినవన్నీ అది రాసుకుంది. ముళ్ళకంపతో దొడ్డి కట్టడం, రాత్రి గొంగడి కప్పుకుని మంద అంచున పడుకోవడం, ఎరువు కోసం రైతు పిలిస్తే పొలంలో మంద పెట్టి గింజలు తీసుకోవడం, తోడేలు వాసన తగలగానే గొర్రెలు తలలెత్తి ఒకే దిక్కుకు చూడటం. ఒక గొర్రె పోతే బాధే కానీ బతకొచ్చని, చీకట్లో బెదిరి మంద చెదిరితే ఆ దెబ్బ నుంచి కోలుకోవడం కష్టమని ఆయన చెప్పిన మాటను అది జర్మన్‌లోకి మార్చి తరగతిలో చెప్పింది. తాత జీవితం ఈ దేశపు తరగతి గదిలో సాక్ష్యంగా నిలబడటం నాకు ఎంతో సంతోషాన్నిచ్చింది. ఆయన మాటలు అర్థం చేసుకోవడానికి అది నేర్చుకున్న పాలమూరు తెలుగు, నేను ఎన్ని ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పినా వచ్చేది కాదు.

కాపరిని పెట్టుకోమని సలహా ఇవ్వడం సులువు. కానీ ఇక్కడి చిన్న రైతులలో చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూ కొద్దిపాటి గొర్రెలను ఇష్టంగా పెంచుకునేవారు. వాలైస్ లోయలో నల్లముక్కు గొర్రెలను ఇంటి మనుషుల్లా చూసుకునే కుటుంబాలున్నాయి. వేసవంతా జీతమిచ్చి కాపరిని నిలబెట్టే స్తోమత వారిలో అందరికీ ఉండదు. రాతి వాలుల మీద కరెంటు కంచె దిగదు. తోడేలు చంపిన గొర్రెకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, అందులో ఎనభై శాతం కేంద్ర ప్రభుత్వానిదే, కానీ పొద్దున్నే కొండెక్కి రక్తపు మడుగులో గొర్రెలను చూసిన మనిషికి డబ్బు ఏమాత్రం ఊరట? విసిగి గొర్రెలను అమ్మేసుకున్నవారి మేతభూముల్లో పొదలు కమ్ముకుంటే, ఆ గడ్డినేలల్లోని పూలమొక్కలూ వాటిని నమ్ముకున్న సీతాకోకచిలుకలూ పోతాయి. ప్రకృతిని ప్రేమించమని పిల్లలకు నేర్పేవాళ్ళు ఈ సంగతి కూడా చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

2020 సెప్టెంబరు 27న, తోడేలును కాల్చడం సులభం చేసే వేటచట్టం మీద దేశమంతా ఓటు వేసింది. 51.9 శాతం వద్దన్నారు. నగరాలు తోడేలు పక్షాన, వాలైస్, గ్రాబుండెన్ వంటి కొండ ప్రాంతాలు కాపరి పక్షాన నిలిచాయి. పౌరసత్వం లేదు కనుక మాకు ఓటు లేదు, అయినా ఓటర్లకు పంపే వివరాల కరపత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. తర్వాత పార్లమెంటు మళ్ళీ చట్టాన్ని మార్చింది. 2023 డిసెంబరు నుంచి, నష్టం జరగకముందే గుంపులను తగ్గించేందుకు, ఆ యేడు పుట్టిన పిల్లలతో సహా కాల్చడానికి అనుమతులు ఇస్తున్నారు.

దీని మీదనే ఇప్పుడు తాతామనవరాళ్ళ వాదన. మందలోనే పుట్టి పెరిగే కాపలా కుక్కలు, రాత్రిళ్ళు కొండ మీద కాపు కాసే స్వచ్ఛంద సేవకులు ఉండగా తుపాకీ ఎందుకని మా అమ్మాయి అంటుంది. కుక్కల మాట ఆయన ఒప్పుకుంటాడు. మందకు అలవాటుపడిన తోడేలును మాత్రం వదలకూడదని, అది మళ్ళీ మళ్ళీ వస్తుందని అంటాడు. పిల్లలను కాల్చడం గురించి చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. "తప్పు జేసిన దాన్ని పట్టుకోవాలె గాని, పిల్లలేం జేసినయి?" అన్నాడు చివరికి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తోడేలుకు అత్యున్నత రక్షణ ఉందని అప్పుడు మనవరాలే ఆయనకు చెప్పింది. ఆ చట్టం వచ్చిన కాలంలో తన పక్క ఊరి కాపరులు ఏం చేసేవారో ఆయన చెప్పడం మొదలుపెట్టాడు, అది పుస్తకం తెచ్చుకుంది.

వచ్చే వేసవికి బాపును ఇక్కడికి రప్పించే ప్రయత్నంలో ఉన్నాం. గ్రాబుండెన్‌లో కుక్కలతో కాపు కాసే మంద ఒకటి చూపించాలని మా అమ్మాయి పట్టు. కాపలా కుక్క మొరుగుతూ ఎదురొస్తే పరుగెత్తకుండా ఆగి, అది శాంతించాక మందకు దూరంగా చుట్టూ నడవాలని ఇక్కడి దారుల్లో బోర్డులు పెడతారు. అవి తాతకు అక్కర్లేదని దాని ధీమా. కేబుల్ కారు దిగిన తర్వాత మంద దాకా ఆయన ఎంత దూరం నడవగలడన్నదే ఇక మేం తేల్చుకోవలసింది.