వేడెక్కాక ఊగే ఐడ్లింగ్: నాలుగు ఆదివారాల పని

మా కారు 2013 నాటిది. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్, కేబుల్‌తో తెరుచుకునే థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు), గాలి లెక్కకు మ్యాప్ సెన్సార్ (థ్రాటిల్ దాటాక ఉండే గాలి ఒత్తిడిని కొలిచేది) ఉన్నాయి. రెండు నెలలుగా పొద్దున స్టార్ట్ చేసినప్పుడు నిలకడగానే నడుస్తోంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక తిరుపతిలోని లీలామహల్ కూడలిలో ఆపి ఐడ్లింగ్‌లో ఉంచితే, అంటే బండి నిలిచి ఇంజిన్ మాత్రం తిరుగుతుంటే, ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 900 నుంచి 1,500 దాకా లేచి, వెంటనే పడిపోయి, రెండు మూడు సెకన్లకోసారి ఊయలలా ఊగుతోంది. ఏసీ వేస్తే ఆ ఊపు దాదాపు ఆగిపోతుంది. ఈ గుర్తులను మొదటి రోజే రాసిపెట్టుకున్నాను గాని, వాటి అర్థం మూడో ఆదివారం నాడే తెలిసింది.

మొదటి ఆదివారం స్పార్క్ ప్లగ్గులు తీశాను. గ్యాప్ అన్నింటిలోనూ సరిగానే ఉంది. మూడింటి కొనలు లేత గోధుమరంగులో ఉండగా, నాలుగో సిలిండరుది మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. పెట్రోలుకు మించి గాలి చేరుతున్నప్పుడు ప్లగ్గు ఇలా తెల్లబడుతుంది. లోపం ప్లగ్గుదా, సిలిండరుదా అని తేల్చుకోవడానికి ఒకటో ప్లగ్గును, నాలుగో ప్లగ్గును శుభ్రం చేసి తారుమారు చేసి బిగించాను. వారం తర్వాత చూస్తే మళ్లీ నాలుగో సిలిండరులోదే తెల్లబడింది. కాబట్టి కొత్త ప్లగ్గులు కొనలేదు.

రెండో ఆదివారం థ్రాటిల్ బాడీ విప్పి, పళ్లెం అంచున పేరుకున్న నల్లటి మసిని క్లీనర్‌తో, మెత్తటి గుడ్డతో తుడిచాను. ఊగడం తగ్గకపోగా ఇంకా పెరిగింది. మొదట కలవరపడ్డాను గాని, ఆలోచిస్తే అదే మంచి ఆధారమైంది: ఇంజిన్‌లోకి వేరే దారిన గాలి చొరబడుతుంటే, ఆ మసి థ్రాటిల్ దగ్గర కొంత గాలిని అడ్డుకుంటూ లోపాన్ని ఇన్నాళ్లూ పాక్షికంగా కప్పిపుచ్చింది.

ఆ వారం మధ్యలో తిరుమల వెళ్లినప్పుడు కారు కంప్యూటర్ అంకెలను ఫోనులో చూపే బ్లూటూత్ స్కానర్‌తో మ్యాప్ సెన్సార్‌ను పరీక్షించాను. ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచితే ఆ సెన్సార్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. తిరుపతిలో 99 కిలోపాస్కల్స్ చూపినది, సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉన్న కొండమీద 92 చూపింది. ఎత్తుకు తగ్గ తేడాయే కనుక సెన్సార్‌ను అనుమానించనక్కరలేదు.

మూడో ఆదివారం ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో మ్యాప్ అంకె 46 కిలోపాస్కల్స్ దగ్గర నిలిచింది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో సాధారణంగా 30 నుంచి 40 మధ్య ఉంటుంది; అంటే లోపలికి ఎక్కువ గాలి చేరుతోందన్నమాట. ఆర్పీఎం పడిన ప్రతిసారీ, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టే ఆక్సిజన్ సెన్సార్ వోల్టేజి సున్నాకు జారుతోంది, అంటే ఆ క్షణంలో పెట్రోలే అందడం లేదు. అప్పుడు చిక్కుముడి విడిపోయింది. థ్రాటిల్ మూసి ఉండగా ఆర్పీఎం ఒక హద్దు దాటితే, బండి వాలులో దిగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలును ఆపేస్తుంది; ఇంజిన్ వేగం పడగానే మళ్లీ ఇస్తుంది; దొంగదారిన వచ్చే గాలి వల్ల వేగం మళ్లీ హద్దు దాటుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ హద్దు పైన ఉంటుంది, ఏసీ భారం పడితే వేగం హద్దును అందుకోదు. నేను రాసిపెట్టుకున్న రెండు గుర్తులకూ ఇదే కారణం.

లీకు వెతకడానికి క్లీనర్ చల్లే పద్ధతి ఉంది గాని, కాలుతున్న ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం నాకు సమ్మతం కాదు. ఇంజిన్ నడుస్తుండగా, పట్టకారు దవడలకు గుడ్డ చుట్టి మానిఫోల్డుకు (థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలిని పంచే భాగానికి) వచ్చే గొట్టాలను ఒక్కొక్కటిగా నొక్కాను. బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కితే మార్పు లేదు. ఇంజిన్‌లోని ఆయిల్ ఆవిరిని మానిఫోల్డుకు తెచ్చే, నాలుగో సిలిండరు పక్కనే కలిసే పీసీవీ గొట్టాన్ని నొక్కగానే ఆర్పీఎం 850కి దిగి నిలబడింది. విప్పి చూస్తే, ఆయిల్ ఆవిరికి మెత్తబడిన వంపు అడుగుభాగంలో వేలిగోరంత చీలిక ఉంది. పైనుంచి ఎంత చూసినా కనబడే చోటు కాదు.

నాలుగో ఆదివారం కొత్త గొట్టం వేశాను. ఇక్కడ మామూలు నీళ్ల పైపు పనికిరాదు: ఆయిల్‌కు ఉబ్బుతుంది, లోపలి పీల్పుకు ముడుచుకుపోతుంది. ఆయిల్‌ను తట్టుకునే రబ్బరుతో, అదే వంపుతో అచ్చుపోసినదే అడిగి తీసుకోవాలి. క్లిప్పులు కూడా మార్చి, కంప్యూటర్ పాత సర్దుబాట్లు మరిచేలా బ్యాటరీ నెగటివ్ తీగను పావుగంట విప్పి ఉంచి, ఆ తర్వాత ఏసీ లేకుండా పది నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలాను. ఇప్పుడు 800, 850 మధ్య నడుస్తోంది, మ్యాప్ 34 చూపుతోంది.

థ్రాటిల్ మూసి గేరులో దిగేటప్పుడు పీల్పు అన్నిటికంటే బలంగా ఉంటుంది కనుక, కొండమీదికి మళ్లీ వెళ్లి, 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డులో రెండో గేరులో దిగాను. అలిపిరిలో ఆపి బానెట్ తెరిచి చూస్తే గొట్టం ముడుచుకోలేదు, ఇంజిన్ ఊగలేదు. 500 కిలోమీటర్లు తిరిగాక నాలుగో ప్లగ్గును మళ్లీ తీసి రంగు చూస్తాను.