టర్కీ పుంజుకు మందు పాళ్లు కుదిరిన తీరు

అమెరికాలోని మిస్సోరీలో వసంతకాలపు టర్కీ కోళ్ల వేట ఏప్రిల్ మూడో సోమవారం మొదలవుతుంది. ఈసారి మూతి వైపు నుంచి దట్టించే జంట గొట్టాల తుపాకితోనే వెళ్లాలని చలికాలంలోనే నిశ్చయించుకున్నాను. మన ఊళ్లలో నాటు తుపాకి అంటామే, పనిచేసే పద్ధతి అదే. కాకపోతే ఇది ఇటలీలో పద్ధతిగా తయారైన 12 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత). కుడి గొట్టం లోపల ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే వెడల్పు. ఎడమ దానికి మూతి దగ్గర కాస్త బిగువు ఉంది, అంటే మాడిఫైడ్ చోక్. వేటకు నమ్ముకోవలసింది ఎడమ గొట్టాన్నేనని మొదటి నుంచీ అనుకుంటున్నాను.

టర్కీ పుంజును ఒంటి మీద కొట్టకూడదు. ఆ ఈకలను, రొమ్ము కండను దాటి చిన్న గుండ్లు లోపలికి చేరవు. పక్షి గాయంతో పారిపోయి ఎక్కడో చస్తుంది. తల, మెడ మాత్రమే గురి. అందుకే 25 గజాల దూరంలో కాగితం మీద 10 అంగుళాల వృత్తం గీసి, మధ్యలో పుంజు తల బొమ్మ వేసుకున్నాను. వృత్తంలో 50 గుండ్లకు తగ్గకూడదు, కపాలం, మెడ ఎముక ఉన్నచోట కనీసం ఆరు పడాలి. ఇది నాకు నేను పెట్టుకున్న హద్దు. అంతకు తగ్గితే ట్రిగ్గర్ జోలికి పోను.

ఫిబ్రవరి చివర: మందు ఎఫ్ఎఫ్‌జీ రకం (పలుకు సైజును బట్టి పేరు) బ్లాక్ పౌడర్, అంటే పొగ వచ్చే పాతకాలపు తుపాకిమందు, గోఎక్స్ వారిది. లూసియానాలోని మిండెన్ దగ్గరి ఆ కర్మాగారం 2021లో మూతపడుతుందన్నప్పుడు చాలామంది డబ్బాలు దాచుకున్నారు. 2022లో ఎస్టెస్ సంస్థ కొనుక్కున్నాక మళ్లీ దొరుకుతోంది. కొలతపాత్రతో 90 గ్రెయిన్ల (తుపాకిమందుకు వాడే చిన్న కొలత) మందు, దాని మీద మందమైన అట్టబిళ్ల, అర అంగుళం మెత్తటి బిళ్ల, ఔన్సుంపావు 6వ నంబరు సీసపు గుండ్లు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది), పైన పల్చటి బిళ్ల. పుస్తకాల్లో కనిపించే మామూలు వరస ఇది. పొగ తేలిపోయాక చూస్తే కాగితం మధ్యలో గారెకు ఉన్నట్టు చిల్లు! గుండ్లన్నీ చుట్టూ పడ్డాయి, తల బొమ్మ భద్రంగా ఉంది. వృత్తంలో పాతిక కూడా లేవు. ఔన్సుకు 6వ నంబరు గుండ్లు సుమారు 225, అంటే ఔన్సుంపావుకు 280. అందులో పదోవంతు కూడా వృత్తంలో పడలేదన్నమాట.

మార్చి మొదట్లో: మందు తగ్గిస్తూ వచ్చాను. ఎక్కువ మందు వేస్తే ఎక్కువ దూరం కొడుతుందని అనిపించడం సహజం, కానీ చోక్ తక్కువ ఉన్న గొట్టంలో మందు పెరిగేకొద్దీ గుండ్లు విచ్చుకుంటాయి. 75 గ్రెయిన్లకు దిగేసరికి గుంపు కొంత దగ్గరపడింది. అదే కొలతపాత్రలో పోసి చూస్తే నా గుండ్లు దాదాపు 90 గీత దాకా వస్తాయి. అంటే ఘనపరిమాణంలో మందుకన్నా గుండ్లదే పైచేయి. అయినా నడుమ చిల్లు పోలేదు.

అసలు దోషం మెత్తటి బిళ్లది. గొట్టం దాటగానే గుండ్లను గాలి నెమ్మదింపజేస్తుంది, వెనక నుంచి మందు వాయువుల తోపుతో వచ్చే బరువైన బిళ్ల వాటి మధ్యలోంచి దూసుకుపోయి గుంపును చెదరగొడుతుంది. దాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి వేసి చూశాను, కొంత మేలు. తరువాత పూర్తిగా తీసేసి, అట్టబిళ్ల మీద ఆలివ్ నూనెలో ముంచిన రెండు పల్చటి బిళ్లలు పెట్టాను. వీటికి ముందుగానే అంచు దగ్గర సూదితో చిన్న రంధ్రం చేస్తాను, రెండో దాని రంధ్రం ఎదురుగా వచ్చేట్టు తిప్పి వేస్తాను. దిగేటప్పుడు కింద ఇరుక్కున్న గాలి అందులోంచి పోతుంది. ఈ వరసతో ఎడమ గొట్టం 60కి అటూ ఇటూగా గుండ్లు వృత్తంలో వేస్తోంది, నడుమ ఖాళీ లేదు. గ్రెయిన్ల లెక్కన మందు సరిచేయడం కన్నా ముందే బిళ్లలు మార్చి చూడాలి అని ఎవరైనా అడిగితే చెబుతాను.

గుండ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ కప్పు వాడితే గుంపు ఇంకా బిగుస్తుందంటారు, నిజమే కావచ్చు. కానీ మందు వేడికి కరిగి గొట్టానికి అంటుకునే ప్లాస్టిక్‌ను గీకే ఓపిక నాకు లేదు.

మార్చి నెలాఖరు: 5వ నంబరు గుండ్లు కూడా చూశాను. మిస్సోరీలో 4వ నంబరుకన్నా పెద్దవి వాడకూడదు కాబట్టి రెండూ చెల్లుతాయి. ఖాళీ సూపు డబ్బా మీద 5వ నంబరు లోతుగా దిగింది, కానీ ఔన్సుకు 170 గుండ్లే. వృత్తంలో 45 దాటలేదు. 25 గజాల లోపు 6వ నంబరు కూడా డబ్బా ముందు గోడను చీల్చుకుని పోతోంది, అది చాలు. కుడి గొట్టం సంగతి వేరు, 18 గజాలు దాటితే దానికి నా దగ్గర పని లేదు.

దట్టించడంలో కొన్ని మాటలు. చోక్ ఉన్న గొట్టంలోకి బిళ్ల చదునుగా దిగదు. ఏటవాలుగా తోసి, లోపల కడ్డీతో సరిచేయాలి. మందు డబ్బాలోంచి నేరుగా గొట్టంలో పోయకూడదు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలోది బాంబే. ప్రతి పేల్పు తరువాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. ఖాళీ గొట్టానికి ఒకటి, దట్టించిన గొట్టానికి ఒకటి చొప్పున కడ్డీ మీద గీతలు పెట్టుకుంటే ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోసే ప్రమాదం తప్పుతుంది. ఒక గొట్టం పేలిన అదురుకు రెండో దాంట్లో గుండ్లు ముందుకు జరగవచ్చు. జరిగితే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే ముందు రెండో గొట్టం మీది క్యాప్ (దెబ్బ తగలగానే పేలి మందును అంటించే చిన్న లోహపు టోపీ) తీసి, కడ్డీతో తడిమి, ఆ తరువాతే ఖాళీ అయిన దాన్ని నింపుతాను. క్యాప్ పేలి మందు అంటుకోకపోతే, తుపాకిని గురి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగుతాను. పొగలేని ఆధునిక మందు ఇందులో చిటికెడు కూడా వేయకూడదు. ఇంటికి రాగానే వేడినీళ్లు, సబ్బు. ఆ మసి గాలిలో తేమను పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది.

ఇప్పటిదాకా అన్నీ బల్ల మీద ఆనించి కొట్టినవే. చెట్టుకు వీపు ఆనించి, మోకాలి మీద తుపాకి పెట్టి, చేతులకు తొడుగులతో అదే గుంపు వస్తుందో లేదో చూడాలి. ఆ మందమైన తొడుగులతో 11వ నంబరు క్యాప్ పెట్టడం గురి కన్నా కష్టంగా ఉంది; క్యాప్ పెట్టే పరికరం ఒకటి కొనాలి.