పరాయి ప్లాంట్‌లో ఓపీసీ సర్వర్ కలవనప్పుడు

బయటి దేశానికి కమిషనింగ్ (కొత్త ప్లాంట్‌ను నడిపించి అప్పగించే) పని మీద వెళ్ళిన ఇంజినీరు చేతిలో లినక్స్ గేట్‌వేనో, పైథాన్ స్క్రిప్టో ఉంటుంది. అవతల విండోస్ మీద నడిచే ఓపీసీ సర్వర్ (ప్లాంట్ యంత్రాల డేటాను ఇతర ప్రోగ్రాములకు అందించేది), లేదంటే పీఎల్సీలోనే (యంత్రాలను నడిపే కంట్రోలర్) ఉన్న సర్వర్. మధ్యలోని నెట్‌వర్క్ మాత్రం మన చేతిలో ఉండదు. స్విచ్‌లు ఒకరివి, ఫైర్‌వాల్ ఇంకొకరిది, సర్వర్ మూడో కంపెనీది. ‘కనెక్ట్ కావట్లేదు’ అని టికెట్ పెడితే ముగ్గురూ ‘మా వైపు బాగానే ఉంది’ అని మూసేస్తారు. ఎన్ని గంటలకు, ఏ ఐపీ నుంచి ఏ పోర్టుకు వెళ్ళి, ఎక్కడ ఆగిందో రాసిస్తేనే పని కదులుతుంది. కొత్త మనిషి మాటకు అక్కడ బలం తక్కువ, లాగ్‌కు ఎక్కువ.

మొదట పోర్టు. పింగ్ రాలేదని సర్వర్ పడిపోయిందనుకోవద్దు, ప్లాంట్లలో పింగ్‌ని ఆపేయడం మామూలే. నెట్‌క్యాట్ అనే కమాండ్‌తో నేరుగా ఆ పోర్టునే తట్టి చూడాలి. ఓపీసీ యూఏకి (ఓపీసీలో కొత్త ప్రమాణం) నమోదైన పోర్టు 4840. కెప్‌వేర్ అనే ఓపీసీ సర్వర్ అయితే మామూలుగా 49320. వెంటనే ‘రెఫ్యూజ్డ్’ అని వస్తే ప్యాకెట్ సాధారణంగా అవతలి మెషీన్ దాకా వెళ్ళినట్టే. అక్కడ సర్వీస్ ఆగి ఉంటుంది, లేదా పోర్టు నంబర్ తప్పు. జవాబే లేక టైమౌట్ అయితే దారిలో ఫైర్‌వాల్ మింగేస్తోంది, లేదా రూట్ లేదు. ఇందులో ఒక మెలిక ఉంది: విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే సర్వీస్ నడవని పోర్టు కూడా మౌనంగానే ఉండిపోతుంది. అందుకే నెట్‌వర్క్ వాళ్ళను నిలదీసే ముందు సర్వర్ మెషీన్ మీదే నెట్‌స్టాట్ (ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూపే కమాండ్) చూడమని అడగడం మంచిది.

పోర్టు తెరిచే ఉంది, విండోస్ ల్యాప్‌టాప్‌లో యూఏ ఎక్స్‌పర్ట్ అనే పరీక్ష క్లయింట్ కలుస్తోంది, లినక్స్ డబ్బా మాత్రం కలవట్లేదు. ఈ ఫిర్యాదు వినగానే ఎండ్‌పాయింట్ చిరునామాను (తనను ఎక్కడ కలవాలో సర్వర్ చెప్పేది) అనుమానించాలి. మనం ఐపీతో వెళ్ళి ఎండ్‌పాయింట్ల జాబితా అడుగుతాం. సర్వర్ తన కంప్యూటర్ పేరు పెట్టి చిరునామా ఇస్తుంది. చాలా క్లయింట్లు ఐపీని వదిలేసి ఆ పేరునే పట్టుకుంటాయి. ఒకే సబ్‌నెట్‌లో ఉన్న విండోస్ మెషీన్లు డీఎన్ఎస్ లేకపోయినా నెట్‌బయోస్ లాంటి పద్ధతులతో పేరు తెలుసుకోగలవు. లినక్స్‌కి ఆ ఏర్పాటు చాలాసార్లు ఉండదు. హోస్ట్స్ ఫైల్‌లో ఐపీ, పేరు ఒక వరుసలో రాస్తే సరి. క్లయింట్ డాకర్ కంటైనర్‌లో నడుస్తుంటే దాని హోస్ట్స్ ఫైల్ వేరు, అక్కడా చేర్చాలి.

తర్వాతి గండం సర్టిఫికెట్, అంటే క్లయింట్, సర్వర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టే డిజిటల్ పత్రం. ‘బ్యాడ్ సర్టిఫికెట్ అన్‌ట్రస్టెడ్’ వస్తే సంతోషించాలి, నెట్‌వర్క్ గొడవ తీరినట్టే. మన సర్టిఫికెట్ చాలా సర్వర్లలో రిజెక్టెడ్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది, దాన్ని ట్రస్టెడ్‌లోకి మార్చమనాలి. సర్వర్ సర్టిఫికెట్‌ని మన క్లయింట్ కూడా నమ్మాలి. ఒక వైపే చేసి ఆగిపోవడం తరచూ జరుగుతుంది. ‘బ్యాడ్ సర్టిఫికెట్ యూఆర్ఐ ఇన్‌వ్యాలిడ్’ అంటే కోడ్‌లో ఇచ్చిన అప్లికేషన్ యూఆర్ఐకీ (ప్రోగ్రాము గుర్తింపు పేరు), సర్టిఫికెట్ లోపల రాసినదానికీ ఒక్క అక్షరమైనా తేడా ఉంది. ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో విప్పి పోల్చాలి. సెక్యూరిటీని ‘నన్’ పెట్టి కలిపేస్తే ఆ పూట గడుస్తుంది, కానీ పరీక్ష దాటాక అలా వదలకూడదు. బేసిక్256 షా256 అనే సెక్యూరిటీ పద్ధతి అడగండి. పాత బేసిక్128 ఆర్ఎస్ఏ15 షా-1 మీద నడిచేది, దాన్ని ప్రమాణంలోనే పక్కన పెట్టారు.

గడియారం సంగతి ప్రయాణం చేసేవాళ్ళకు ప్రత్యేకం. దిగగానే ల్యాప్‌టాప్‌లో టైమ్‌జోన్ మార్చకుండా గంటల ముల్లు మాత్రం తిప్పేస్తే లోపలి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయమే చెడిపోతుంది. తూర్పు దేశానికి వెళ్ళి ముందుకు జరిపి, అప్పుడే సర్టిఫికెట్ తయారుచేస్తే సర్వర్ దృష్టిలో అది ఇంకా పుట్టనే లేదు: ‘బ్యాడ్ సర్టిఫికెట్ టైమ్ ఇన్‌వ్యాలిడ్’. టైమ్‌జోన్ మార్చి, ప్లాంట్ ఎన్‌టీపీ (గడియారాలు సరిచేసే) సర్వర్‌కి కలిపి, సర్టిఫికెట్ మళ్ళీ చేయాలి. యూఏ టైమ్‌స్టాంపులు యూటీసీలోనే వస్తాయి. డేటా రెండు గంటలు వెనకబడిందని ఆపరేటర్ అంటే ముందు ఆ దేశానికీ యూటీసీకీ తేడా ఎంతో లెక్కేయండి.

యూఏకి ముందున్న పాత ఓపీసీ డీఏ ఉన్న చోట లినక్స్ నుంచి డీకామ్ (విండోస్ ప్రోగ్రాములు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే పద్ధతి) మీద నేరుగా వెళ్ళాలని చూడటం దండగ. డీకామ్ కోసం 135 పోర్టుతో పాటు 49152 నుంచి 65535 దాకా తెరవమంటే ఏ సెక్యూరిటీ మేనేజరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. పైగా 2023 మార్చి 14 నాటి విండోస్ అప్‌డేట్‌తో డీకామ్ భద్రతా కట్టుదిట్టాన్ని ఆపేసే వీలు పోయింది. సిస్టమ్ లాగ్‌లో 10036 ఈవెంట్ కనిపిస్తే కారణం అదే. సర్వర్ ఉన్న విండోస్ మెషీన్ మీదే యూఏ గేట్‌వే (డీఏ డేటాను యూఏగా మార్చేది) పెట్టి, బయటికి ఒక్క పోర్టు తెరిపించుకోవాలి. పగలు బాగా నడిచి, రిమోట్ డెస్క్‌టాప్ నుంచి లాగాఫ్ కాగానే చచ్చిపోతుంటే డీకామ్ ఐడెంటిటీ ‘ఇంటరాక్టివ్ యూజర్’ అని ఉందేమో చూడండి. దాన్ని సర్వీస్ ఖాతాకి మార్చాలి.

విండోస్ స్థానిక భాషలో ఉండటం ఇంకో తలనొప్పి. మాన్యువల్ ‘ఎవ్రీవన్’ గ్రూప్‌కి అనుమతి ఇవ్వమంటుంది. జర్మన్ విండోస్‌లో దాని పేరు ‘యేడర్’. స్క్రిప్టుల్లో పేరు బదులు ఎస్-1-1-0 అనే ఎస్ఐడీ (విండోస్ లోపలి గుర్తింపు సంఖ్య) వాడితే ఏ భాషలోనైనా పనిచేస్తుంది. ట్యాగుల (డేటా పాయింట్ల) జాబితాను సీఎస్‌వీగా తీస్తే అక్కడ దశాంశానికి కామా, గడుల మధ్య సెమికోలన్ వస్తాయి, దిగుమతి అక్కడే విరుగుతుంది.

కలిశాక వచ్చే తప్పులు వేరే రకం. సర్వర్ రీస్టార్ట్ తర్వాత ‘బ్యాడ్ నోడ్ ఐడీ అన్‌నోన్’ వస్తే నోడ్ (డేటా పాయింట్) చిరునామాలో ఉండే నేమ్‌స్పేస్ సంఖ్య మారి ఉండొచ్చు. సంఖ్యను కోడ్‌లో పాతేయకుండా ప్రతిసారీ నేమ్‌స్పేస్ యూఆర్ఐ నుంచి వెతకాలి. రాసేటప్పుడు ‘బ్యాడ్ టైప్ మిస్‌మ్యాచ్’ వస్తే డేటా రకం తప్పు: రకం చెప్పకపోతే పైథాన్ క్లయింట్ పూర్ణాంకాన్ని 64 బిట్లుగా పంపుతుంది, పీఎల్సీలో ‘ఇంట్’ 16 బిట్లే. ‘బ్యాడ్ టూ మెనీ సెషన్స్’ మాత్రం తరచూ మన స్క్రిప్ట్ పుణ్యమే. తెగిన ప్రతిసారీ పాత సెషన్ మూయకుండా కొత్తది తెరుస్తుంటే పీఎల్సీలో ఉన్న కొద్ది సెషన్లూ నిండిపోయి, ప్లాంట్‌ను పర్యవేక్షించే అసలు స్కాడాకే చోటు దొరకదు. టైమౌట్ అయ్యేదాకా అవి ఖాళీ కావు. సెషన్ టైమౌట్ తక్కువ పెట్టి, మళ్ళీ ప్రయత్నించే ముందు విరామం పెంచుకుంటూ పోవాలి.