పారిస్ నోట్‌బుక్: ఎవరు గొప్పో తేల్చే లెక్క ఎక్కడిదాకా వచ్చిందంటే

2024 పారిస్ ఒలింపిక్స్‌లో అందరిలోకీ గొప్ప ప్రదర్శన ఎవరిది? ఎవరో చెప్పిన జవాబు కాకుండా నా జవాబు నేనే రాసుకుందామని పెట్టుకున్న నోట్‌బుక్ ఇది. పతకాల పట్టిక దేశాల సంగతి చెబుతుంది, మనిషి సంగతి చెప్పదు. అందుకే ఆటగాడికో పేజీ. ఈత పేజీలు పూర్తయ్యాయి. పరుగులు, దూకేవి, విసిరేవి చాలావరకు అయ్యాయి. కుస్తీ దగ్గర పని నెమ్మదించింది, ఎందుకో కింద రాశాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఉపయోగపడుతుందని పద్ధతి ముందు చెబుతాను. లాంగ్‌సైజు రూళ్ల నోట్‌బుక్కును అడ్డంగా తిప్పి ఐదు గడులు గీశాను. వచ్చిన ఫలితం, ఆ రోజుకున్న ప్రపంచ రికార్డు, ఆ రోజుకున్న ఒలింపిక్ రికార్డు, రెండో స్థానంతో తేడా. ఐదో గడి పేరు ‘మోసిన బరువు’. ఎన్ని రౌండ్లు ఆడి వచ్చాడు, మధ్యలో ఎంత విశ్రాంతి దొరికింది, వయసెంత, దారి ఎలాంటిది, అన్నీ అందులోకే. మొదటి నాలుగు గడులు అధికారిక ఫలితాల పత్రాలు చూసి నింపుతాను. ఐదోది మాత్రం రీప్లే పూర్తిగా చూశాకే. తేదీలతో జాగ్రత్త: పారిస్ వేసవి సమయానికీ మనకూ మూడున్నర గంటల తేడా. అక్కడ ఆగస్టు 5 రాత్రి జరిగింది మనకు 6 తెల్లవారుజాము కావచ్చు. నేను అక్కడి తేదీనే రాస్తాను.

ఈతకు లెక్క సులువు. ప్రపంచ ఈత సమాఖ్య వాడే పాయింట్ల సూత్రం ఉంది: ఆధార సమయాన్ని ఈదిన సమయంతో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, వెయ్యితో గుణించడం. ఆధార సమయాన్ని సమం చేస్తే వెయ్యి, దాటితే అంతకన్నా ఎక్కువ. వాళ్లు ఏడాదికోసారి ఆధార సమయాలు ఖరారు చేస్తారు. నేను మాత్రం పోటీ నాటికున్న ప్రపంచ రికార్డునే తీసుకుంటాను. ఘనం ఎందుకంటే, నీళ్లలో వేగం కొంచెం పెంచాలన్నా పెట్టాల్సిన శక్తి దాదాపు వేగం ఘనంతో పెరుగుతుంది. ఫోన్‌లో షీట్ తెరిచి ఒక్కసారి సూత్రం రాసుకుంటే చాలు, కాకపోతే నిమిషాలన్నీ ముందే సెకన్లలోకి మార్చుకోవాలి.

ఫ్రాన్స్ ఈతగాడు లియోన్ మార్షాన్ పేజీ చూడండి. 400 మీటర్ల మెడ్లీ (నాలుగు రకాల ఈతలూ కలిపిన పోటీ) 4:02.95, నా లెక్కన 994. 200 బటర్‌ఫ్లై 1:51.21కి 977. 200 బ్రెస్ట్‌స్ట్రోక్ 2:05.85కి 991. 200 మెడ్లీ 1:54.06కి 998. నాలుగూ స్వర్ణాలే, నాలుగూ ఒలింపిక్ రికార్డులే. అయితే నన్ను కట్టిపడేసింది జూలై 31 సాయంత్రం. బటర్‌ఫ్లై ఫైనల్ ఈది, సుమారు రెండు గంటల తేడాతో బ్రెస్ట్‌స్ట్రోక్ ఫైనల్ ఈదాడు. ఒకదాంట్లో భుజాల పని, ఇంకోదాంట్లో మోకాళ్ల తన్ను. రెండూ ఒంటికి అలవాటు చేసుకోవడమే కష్టం, ఒకే పూట రెండూ గెలవడం మరీ కష్టం. ఒక్క ఈత మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చైనా కుర్రాడు పాన్ ఝాన్‌లే ముందుంటాడు. 100 ఫ్రీస్టైల్‌లో తన 46.80 రికార్డును 46.40కి దించాడు, అంటే 1026 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న కైల్ చామర్స్ సెకనుకు పైగా వెనకబడ్డాడు.

ఇదే సూత్రం పరుగుకు పెడితే అమెరికా అమ్మాయి సిడ్నీ మెక్‌లాఫ్లిన్ లెవ్రోన్‌కు 400 హర్డిల్స్‌లో 1017 వస్తుంది (50.65 రికార్డు 50.37కి దిగింది). బాగానే ఉంది. నెదర్లాండ్స్ పరుగుల రాణి సిఫాన్ హసన్ మారథాన్‌కు పెట్టి చూస్తే 786! 2:22:55కి స్వర్ణం, ఒలింపిక్ రికార్డు, అయినా సూత్రం కళ్లకు ఆమె అందరికన్నా వెనక. కారణం అప్పటి ప్రపంచ రికార్డు 2:11:53 బెర్లిన్‌లో, చదునైన రోడ్డు మీద వచ్చింది. పారిస్ దారి వెర్సాయ్ దాకా పోయి తిరిగొస్తుంది. 1789లో మహిళలు రాజభవనం మీదికి నడిచిన యాత్ర గుర్తుగా వేసిన దారి అది. మొత్తం ఎక్కుడు 400 మీటర్లు దాటుతుంది.

ఆ 400 మీటర్లు కాగితం మీద నాకు అర్థం కాలేదు. మనకు శ్రీవారి మెట్టు ఉంది కదా, 2,388 మెట్లు. మెట్టుకు ఆరున్నర అంగుళాలు అనుకుంటే దాదాపు అంతే ఎత్తు. ఆ మెట్ల దారిలో పైకి చేరేసరికి పిక్కలు ఎలా పట్టేస్తాయో తిరుపతి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అంత ఎక్కుడును 42.195 కిలోమీటర్ల పరుగులో కలిపి ఆమె పరుగెత్తింది. అంతకుముందు ఆగస్టు 2న 5000 మీటర్ల హీట్ (ఫైనల్‌కు ముందు వడపోత పరుగు), 5న ఫైనల్ (కంచు), 9 రాత్రి 10,000 ఫైనల్ (మళ్లీ కంచు). 11 పొద్దున ఎనిమిదికి మారథాన్. మధ్యలో ఒకటిన్నర రోజు కూడా లేదు. మొత్తం 62 కిలోమీటర్ల పోటీ పరుగు. ఆఖర్న టిగిస్ట్ అసెఫాను మూడు సెకన్లతో దాటింది, అప్పటి 2:11:53 రికార్డు ఆ అసెఫాదే. గడియారం ఒక్కటే చూస్తే ఈ మనిషిని ఎంత తక్కువ చేస్తాం! ఐదో గడికి సగం మార్కులు ఇవ్వాలని నేను నిర్ణయించుకున్నది ఈ పేజీ దగ్గరే.

పోల్‌వాల్ట్‌ను, అంటే పొడవాటి కర్ర ఊతంతో బార్ మీదుగా దూకే ఆటను, ఇంటి దగ్గరే కొలిచాం. గాంధీ రోడ్డులో కొన్న ముప్పై మీటర్ల టేపును మేడ మీద పిట్టగోడ నుంచి కిందికి వదిలాను. మా అక్క కొడుకు కింద నేలకు ఆనించి పట్టుకున్నాడు. పక్కనే ఒక నూలు తాడుకు 5.95 మీటర్ల దగ్గర, 6.25 దగ్గర ఎర్ర గుడ్డ పీలికలు ముడేసి వేలాడదీశాం. మొదటి పీలిక పై అంతస్తు కిటికీ సన్‌షేడ్‌కు కాస్త పైన వచ్చింది. అది రజతం గెలిచిన సామ్ కెండ్రిక్స్ ఎత్తు. రెండోది శ్లాబుకు జానెడు కింద. అది స్వర్ణం గెలిచిన స్వీడన్ ఆటగాడు అర్మాండ్ డుప్లాంటిస్ ఎత్తు.

“మామా, కొలత సరిగ్గానే పట్టినావా? ఇంత పైకి మనిషెట్లా పోతాడు?” అన్నాడు వాడు తల పైకెత్తి.

మళ్లీ కొలిచి చూపించాను. స్వర్ణం ఖాయమైపోయాక, 6.10తో ఒలింపిక్ రికార్డూ చేతికి వచ్చాక, ఇంకా బార్ పెంచి, మూడో ప్రయత్నంలో 6.25 దాటి తన 6.24 ప్రపంచ రికార్డును తనే చెరిపేశాడు. తోసేవాడు ఎవరూ లేనప్పుడు తనను తాను తోసుకోవడం నాకు చాలా పెద్ద విషయం. మావాడికైతే మొదటి స్థానం ఇతనిదే, వాదన ఇంకా నడుస్తోంది.

జావెలిన్‌కు ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కు టేపు తీసుకెళ్లాం. స్వర్ణం గెలిచిన పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు అంటే మూడు టేపులు, ఆపైన మూడు మీటర్లకు మూడు సెంటీమీటర్లు తక్కువ. 2008 నాటి 90.57 ఒలింపిక్ రికార్డుకు 2.40 మీటర్లు అవతల. నీరజ్ 89.45 దగ్గర కూడా ఒక రాయి పెట్టాం. నీరజ్‌కు చెల్లిన విసురు ఆ ఒక్కటే, మిగతా ఐదూ ఫౌల్. ఒక్క విసురుతో రజతం తెచ్చాడంటే ఆ ఒత్తిడి ఎంతదో అతని ఐదో గడిలో తప్పకుండా చేరాలి.

కుస్తీకి మొదటి మూడు గడులు ఖాళీ. క్యూబా మల్లుడు మిహాయిన్ లోపెజ్‌కు ఏ గడియారం పెడతాం? 2008 బీజింగ్ నుంచి 2024 దాకా గ్రీకో రోమన్ (నడుము కింద పట్టు పట్టకూడని కుస్తీ) హెవీవెయిట్‌లో వరసగా ఐదు స్వర్ణాలు. ఒకే వ్యక్తిగత పోటీలో వరసగా ఐదు గెలిచినవాడు అంతకుముందు లేడు. 41 ఏళ్ల వయసులో ఫైనల్ గెలిచి, బూట్లు మ్యాట్ మధ్యలో వదిలి వెళ్లాడు. ఇలాంటివాళ్లకు బౌట్ల స్కోర్లు, వయసు, ఎన్నేళ్లు నిలబడ్డారు అన్నవి గడులుగా పెట్టి కొత్త పేజీ గీస్తున్నాను. జూడో, బాక్సింగ్ కూడా అందులోకే వస్తాయి.

ఈ రోజుకు నా వరస: హసన్, మార్షాన్, లోపెజ్, డుప్లాంటిస్, మెక్‌లాఫ్లిన్. సిమోన్ బైల్స్ పేజీ ఇంకా రాయలేదు. జిమ్నాస్టిక్స్‌లో కష్టానికో మార్కు, నిర్వహణకో మార్కు విడిగా ఇస్తారు కాబట్టి ఆమె వచ్చాక ఈ వరస మారొచ్చు.

తర్వాతి పని పారాలింపిక్స్. అక్కడ వైకల్య వర్గాన్ని బట్టి ఆధారం మారుతుంది, సూత్రం మారదు. ఏ వర్గం రికార్డు ఆ వర్గానికే. మన సుమిత్ అంతిల్ ఎఫ్ 64 వర్గం (కృత్రిమ కాలుతో ఆడేవాళ్లది) జావెలిన్‌లో 70.59 విసిరి స్వర్ణం గెలిచాడు, తన ప్రపంచ రికార్డు 73.29. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్ల టీ 20 వర్గంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్లది) 55.07తో ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్‌లో 55.82తో కంచు తెచ్చింది. ముందు రాసేది దీప్తి పేజీయే. హీట్స్ ఫలితాలు కూడా దించుకున్నాను, ఈ ఆదివారం గడులు గీస్తాను.