గ్యాస్ కటర్ లేకుండా 20 ఎంఎం ప్లేటు కోశాను

రాజాం దగ్గర మా పల్లెలో, ఇంటి వెనక షెడ్డులో డ్రిల్ స్టాండు (డ్రిల్ మెషిన్‌ను నిలువుగా పట్టి ఉంచేది) బిగించడానికి బరువైన అడుగు ప్లేటు కావలసి వచ్చింది. పాత ఇనుము కొట్టులో 20 ఎంఎం మందం మైల్డ్ స్టీల్ (మెత్తటి మామూలు ఉక్కు) ప్లేటు దొరికింది. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. దాదాపు 22 కిలోలు తూగింది. అందులో అడుగు ముక్క కోసుకుని, ఒక అంచున స్టాండు స్తంభం కూర్చునేలా 2 అంగుళాల వెడల్పు, రెండున్నర అంగుళాల లోతు గాడి తీయాలి.

గ్యాస్ కటర్‌తో అయితే నిమిషాల్లో తెగిపోతుంది. కానీ వేడికి ప్లేటు ఏ కాస్త వంగినా స్టాండుకి పనికిరాదు. పైగా పెరట్లో గడ్డిమేటు ఉంది. అందుకే గ్రైండరుతో, అంటే డిస్కు తిప్పి ఇనుము కోసే చేతి మెషిన్‌తో, కోయాలనుకున్నాను. దాని రవ్వలు కూడా తక్కువవి కావు కదా, అందుకే పని వీధివైపు పెట్టుకున్నాను. నేలంతా తడిపి, తడి గోనెసంచులు పక్కన ఉంచుకున్నాను. పొలం మోటార్లు ఆగాకే మొదలుపెట్టాను. అవి నడుస్తుంటే మా ఊళ్లో వోల్టేజీ పడిపోతుంది, గ్రైండరు మూలుగుతుంది.

నా దగ్గరున్నది 4 అంగుళాల గ్రైండరు. దాని డిస్కు కొత్తదైనా అంగుళానికి మించి లోతుకు దిగదు, అరిగేకొద్దీ అదీ తగ్గుతుంది. లోతు కోసం గార్డు (డిస్కు మీద ఉండే రేకు కవచం) తీసేసి 5 అంగుళాల డిస్కు బిగించేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. డిస్కు పగిలితే ముక్కకీ మొహానికీ మధ్య మొదట అడ్డుండేది ఆ గార్డే. డిస్కు మధ్యనున్న ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, అదీ చూసుకోవాలి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, వాటి మీద ఫేస్ షీల్డ్ తగిలించుకున్నాను. లుంగీ, మెడలో తువ్వాలు ఈ పనికి అసలు వద్దు.

సుద్ద రాసి, మూలమట్టంతో రెండు వైపులా ఒకే చోట గీత గీశాను. ముందు గీత పొడవునా పలచగా ఒక గాడి, దాని మీదుగా మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఒకటి రెండు ఎంఎం లోతు. ఒకేచోట లోతుగా దింపితే డిస్కు ఇరుక్కుంటుంది, గ్రైండరు చేతిలోంచి ఎగిరి మీదికొస్తుంది. మా ఊరి కమ్మరి తాత వచ్చి కాసేపు చూసి, "ఇనుముతో తొందరేటి బావూ, గాడి దారి చూపిస్తది, నువ్వెనకే పో" అన్నాడు. నిజంగానే మొదటి గాడి తిన్నగా పడ్డాక డిస్కు దారి తప్పలేదు.

అన్నిటికంటే ముఖ్యం ప్లేటును ఎలా ఆనించామన్నది. రెండు చెక్కదిమ్మల మీద పెట్టి మధ్యలో కోస్తే, తెగేకొద్దీ రెండు ముక్కలూ మధ్యకి కుంగుతాయి, గాడి మూసుకుపోయి డిస్కును పట్టేస్తుంది. నేను పెద్ద ముక్కను బల్లకు క్లాంపులతో బిగించి, కోసే ముక్కను బయటికి వదిలాను. బరువుకి అది కిందికి వాలితే గాడి తెరుచుకుంటుంది. ఒక్కసారిగా కాళ్ల మీద పడకుండా దాని కింద, కాస్త తగ్గులో, ఒక దిమ్మ పెట్టాను. ఒకవైపు సగం లోతు దిగాక ప్లేటు తిరగేసి రెండోవైపు కోశాను. పోతఇనుమైతే గాడి చేసి సుత్తితో కొడితే విరుగుతుంది. మైల్డ్ స్టీల్ వంగుతుందే తప్ప అలా విరగదు, కాబట్టి చివరిదాకా కోయాల్సిందే. మధ్యమధ్యలో గ్రైండరు ఒళ్లు చల్లారనిచ్చాను.

స్తంభం గాడికి మాత్రం గ్రైండరు వాడలేదు. గుండ్రటి డిస్కు లోపలి మూల దాకా తెగాలంటే పైన గీత దాటి పోతుంది. రెండు పక్కలూ హ్యాక్సాతో (ఇనుము కోసే చేతి రంపం) కోశాను. ఇంత మందానికి అంగుళానికి 18 పళ్ల బ్లేడు బాగుంటుంది. 24 పళ్లదైతే పళ్ల మధ్య పొడి నిండిపోయి జారుతుంది. పళ్లు పిడికి ఎదురువైపు చూడాలి, ముందుకు తోసేటప్పుడే బలం పెట్టాలి. చేతులు లాగేస్తాయి, నిజమే, కానీ అంచు అద్దంలా వస్తుంది. లోపలి అంచున సెంటర్ పంచ్‌తో (మొనదేలిన ఉక్కు మేకు) గుర్తులు కొట్టి, ముందు 4 ఎంఎం, తర్వాత 8 ఎంఎం బిట్టుతో వరసగా రంధ్రాలు వేశాను. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య ఒక ఎంఎం కూడా మిగలనివ్వలేదు. డ్రిల్ నెమ్మదిగా తిప్పుతూ, కూలెంట్ (చల్లబరిచే ద్రవం) చుక్కలు వేస్తూ ఉంటే బిట్టు మొన కాలదు. మిగిలిన సన్నటి గోడల్ని ఉలితో కొట్టేసి, ఆకురాయితో సాపు చేశాను.

స్తంభం గాడిలో బిగుతుగా దిగింది. తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు వేసి ఆరాక స్టాండు బిగించాను.