బూడిదరంగు మూత

మా అక్క వాట్సాప్‌లో పంపే ఆరోగ్య సూత్రాలకి నేను మామూలుగా ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకుంటాను. పోయిన నెల అలా కుదరలేదు. ఫోన్ చేసి మరీ పట్టుకుంది.

"ఏరా, చెంచాడు పంచదార తింటే ఐదు గంటలు ఇమ్యూనిటీ పడుకుండిపోతుందట. నువ్వు ఉండేది ల్యాబ్‌లోనే కదా, నిజమేనా?"

"ఎవరు చెప్పారక్కా?"

"కింద ఎవరో డాక్టర్ పేరుంది. పిల్లాడికి జలుబు చేసిందని పాలల్లో పంచదార మానేశాను. వాడు పాలే మానేశాడు."

ఆ ఐదు గంటల మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 1973లో అమెరికాలో లోమా లిండా యూనివర్సిటీ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. కొద్దిమంది ఆరోగ్యవంతులకి 100 గ్రాముల చొప్పున పంచదారో గ్లూకోజో ఇచ్చి, తర్వాత రక్తం తీసి, ట్యూబులో బ్యాక్టీరియా కలిపి, ఒక్కో న్యూట్రోఫిల్ ఎన్నిటిని మింగిందో లెక్కపెట్టారు. న్యూట్రోఫిల్ అంటే తెల్ల రక్తకణాల్లో ఎక్కువ సంఖ్యలో ఉండేది, చొరబడ్డ సూక్ష్మజీవి మీదికి ముందు వెళ్ళేది. ఆ కణాల సంఖ్య తగ్గలేదు, మింగడం తగ్గింది. ఒకటి రెండు గంటల మధ్య బాగా తగ్గింది. ఐదు గంటలకి కూడా మొదటి స్థాయికి పూర్తిగా రాలేదు.

సరే, కానీ 100 గ్రాములు! సమంగా గీసిన చెంచాతో పాతిక చెంచాలు, అదీ ఒకేసారి. వాట్సాప్ దాకా వచ్చేసరికి పాతికలో ఒకటి మిగిలింది. పైగా అదే ప్రయోగంలో తేనె ఇచ్చినా, నారింజ రసం ఇచ్చినా మింగడం తగ్గింది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. ఆ మనుషులకి తర్వాత జలుబో జ్వరమో ఎక్కువగా వచ్చిందా అన్నది ఆ ప్రయోగంలో చూడనే లేదు. ట్యూబులో కణం కాసేపు మందగించడం వేరు, మనిషి జబ్బు పడడం వేరు. మన ఎముకల మూలుగ రోజుకి దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ని తయారు చేసి పంపుతూ ఉంటుంది. ఒక చెంచాకి ఆగిపోయే కార్ఖానా కాదు అది.

అక్కతో ఇంతా చెప్పాను. "అయితే తినొచ్చంటావు" అంది. అక్కడ నాకు నోరు పెగల్లేదు, ఎందుకంటే నా కథ ఒకటి ఉంది.

ఇరవై రెండేళ్ళుగా రక్తం తీస్తున్నాను. షుగర్ పరీక్షకి బూడిదరంగు మూత ఉన్న ట్యూబు వాడతాం. అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. ఒంట్లోంచి బయటికి తీశాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో పెట్టి మర్చిపోతే గంటకి 5 నుంచి 7 శాతం దాకా షుగర్ పడిపోతుంది. తెల్లకణాలు విపరీతంగా పెరిగిన వాళ్ళ రక్తంలో ఇంకా వేగంగా పడుతుంది. ఆ తిండి ఆపడానికే ఫ్లోరైడ్. కొత్తగా పనిలో చేరిన వాళ్ళకి ఈ మాట చెప్పి చెప్పి నాకు కంఠతా వచ్చింది. అందుకే పంచదార ఇమ్యూనిటీకి విషం అని ఎవరైనా అంటే నా బుర్రకి ఎక్కదు. న్యూట్రోఫిల్‌కి తిండే గ్లూకోజ్. తిండి అవసరమే, కానీ ఆ తిండిలో మునిగిపోతేనే ఇబ్బంది.

ఇన్నేళ్ళలో నా రక్తం ఆ ట్యూబులోకి ఎన్నిసార్లు వెళ్ళిందంటే, ఒక్కసారి కూడా లేదు. పోయిన ఏడాది మెడ వెనక ఒక సెగ్గడ్డ లేచింది. పగిలింది, మళ్ళీ లేచింది. నెల దాటినా మానలేదు. తోటి టెక్నీషియన్ విసుక్కుని, నన్ను కుర్చీలో కూలేసి చెయ్యి కట్టేసి రక్తం లాగింది. హెచ్‌బిఎ1సి 6.3 వచ్చింది.

తెలియని వాళ్ళ కోసం: రక్తంలో తిరిగే గ్లూకోజ్ ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి అతుక్కుంటుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు కాబట్టి, ఎంత అతుక్కుందో చూస్తే గడిచిన రెండు మూడు నెలల బాగోతం తెలుస్తుంది. ముందు రోజు ఉపవాసం చేసి దీన్ని మోసం చేయలేం. 5.7 లోపు మామూలు, 6.5 దగ్గర డయాబెటిస్. నేను మధ్యలో, గుమ్మానికి దగ్గర్లో.

డాక్టర్‌గారు నా సెగ్గడ్డని 6.3 ఖాతాలో వేయలేదు. "ఈ గడ్డలు ఎవరికైనా రావొచ్చు. కానీ ఇది పది అయితే మాత్రం మీకు ఇంకా చాలా వస్తాయి" అన్నారు. షుగర్ ఎప్పుడూ ఎక్కువగా ఉండే వాళ్ళలో న్యూట్రోఫిల్స్ దెబ్బ తగిలిన చోటికి ఆలస్యంగా చేరతాయి, సరిగ్గా మింగవు, మింగినదాన్ని సరిగ్గా చంపవు. చిన్న రక్తనాళాలు పాడైతే అసలు ఆ చోటికి రక్తమే సరిగ్గా అందదు. చర్మం మీద గడ్డలు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు, చిగుళ్ళ జబ్బు, మానని కాలి పుండు, ఇవన్నీ ఆ వరసలోవే. క్షయ వచ్చే ముప్పు కూడా వాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ రిపోర్టులు రోజూ నా చేతుల మీదుగానే వెళతాయి.

మన భాషలో ఇంకో చిక్కుంది. డబ్బాలో ఉన్నదీ షుగరే, రక్తంలో ఉన్నదీ షుగరే, జబ్బు పేరూ షుగరే. అందుకే ఒకటి నోట్లో వేసుకోగానే మూడోది వచ్చేస్తుందని కొందరూ, నేను తీపి తినను కాబట్టి నాకు రాదని కొందరూ అనుకుంటారు. మధ్యలో ఉన్న దారి చాలా పొడుగు.

ఆ దారిలో నేను ఎక్కడున్నానో చూద్దామని, టీలో వేసుకునే చెంచాని ల్యాబ్ కాటా మీద పెట్టాను. చెంచా అంటే 4 గ్రాములని పుస్తకాల్లో ఉంటుంది. నాది గోపురం కట్టిన చెంచా, 6 గ్రాములు తూగింది. టీకి రెండు, రోజుకి ఆరు టీలు. 72 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది రోజుకి సుమారు 50 లోపు, కుదిరితే 25 లోపు. మధ్యాహ్నం కూల్ డ్రింక్ తాగిన రోజుల్లో ఇంకో 35. ఆరోగ్యవంతుడి ఒంట్లో ఉన్న మొత్తం రక్తంలో గ్లూకోజ్ అంతా కలిపితే చెంచాడే ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ అంత పోశాను.

పోసినదంతా ఎక్కడికి పోతుంది? పంచదారలో సగం ఫ్రక్టోజ్. అది చాలావరకు లివర్ మీద పడుతుంది, మిగులు కొవ్వవుతుంది. నేను చదువుకున్న రోజుల్లో కొవ్వంటే గోదాములో మూటలని చెప్పారు. కానీ లావెక్కిన ఎలుకల కొవ్వే టీఎన్ఎఫ్ అనే వాపు రసాయనాన్ని తయారు చేస్తోందని 1993లోనే తేలింది. అంటే పొట్ట చుట్టూ చేరిన కొవ్వులో ఇమ్యూనిటీ పడుకోదు. పనీ పాటా లేకుండా, శత్రువు లేకుండా, రాత్రీ పగలూ మేలుకునే ఉంటుంది. ఆ రగులుడే ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తుంది, గుండె నాళాలనీ దెబ్బతీస్తుంది. అక్క ఫార్వర్డ్‌కి ఇది దాదాపు తలకిందుల మాట.

నన్ను బాగా పట్టేసింది బ్రిటన్ సంగతి. యుద్ధకాలం నాటి పంచదార రేషన్‌ని అక్కడ 1953 సెప్టెంబర్‌లో ఎత్తేశారు. పెద్దవాళ్ళ వాడకం రోజుకి 40 గ్రాముల నుంచి చూస్తూ చూస్తూ 80కి వెళ్ళింది. ఆ తేదీకి అటూ ఇటూ పుట్టిన వాళ్ళని పోల్చి 2024లో సైన్స్ పత్రికలో రాశారు. కడుపులోనూ, పుట్టాక మొదటి రెండేళ్ళూ రేషన్‌లో గడిపిన వాళ్ళకి పెద్దయ్యాక టైప్ 2 డయాబెటిస్ ముప్పు దాదాపు 35 శాతం, బీపీ ముప్పు దాదాపు 20 శాతం తక్కువ. అక్కకి ఇదే చెప్పాను. "అయితే వాడి పాల సంగతేంటి?" అంది. అర చెంచా వెయ్యమన్నాను, గోపురం కట్టకుండా.

నేను కూల్ డ్రింక్ మానేశాను, టీలు మూడుకి దించాను, చెంచాని గీసి ఒకటే వేసుకుంటున్నాను. మొదటి పది రోజులు టీ తాగుతున్నట్టే లేదు, తల నొప్పి, చిరాకు. మూడు నెలల తర్వాత 5.9. గడ్డ ఎప్పుడో మానిపోయింది, ఎందుకు మానిందో నేను చెప్పలేను.

6.3 నాటి రక్తంతో ఒక స్లైడ్ చేసి దాచుకున్నాను. 5.9 వచ్చిన రోజు ఇంకోటి చేసి, రెంటినీ పక్కపక్కన పెట్టి మైక్రోస్కోప్ కింద చాలాసేపు చూశాను. న్యూట్రోఫిల్స్‌లో అవే ఊదారంగు కేంద్రకాలు, ఒక్కో కేంద్రకానికి అవే మూడు నాలుగు తమ్మెలు. ఏది ఏ రోజుదో చీటీ చూస్తే తప్ప తెలియలేదు.